“పక్కటెముకల చుట్టూ మోకు వేసి బిగించినట్టుంది అక్కా, ఊపిరి ఆగిపోతుందేమో అని భయం”

చిత్తూరు దగ్గర ఒక పల్లె నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దంది కాబట్టి పెట్టట్లేదు, పొడుగ్గా ఉంది కాబట్టి కొంచెం కుదించి ఇస్తున్నా.

“అక్కా, నాకు 34 ఏళ్లు, ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. రెండేళ్ల కిందట ఒక కన్ను మసకేస్తే తలకు ఎంఆర్ఐ తీసి ఎంఎస్, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు అన్నారు. మందులు వాడుతున్నా, బాగానే ఉన్నా. ఈ మార్చి నుంచి రొమ్ముల కింద, వీపు చుట్టూ మోకు వేసి ఎవరో బిగిస్తున్నట్టు నొప్పి వస్తోంది. ఒకోసారి మంట, ఒకోసారి జాకెట్ తగిలినా ఓర్చుకోలేను. మొదటిసారి గుండెపోటే అనుకుని రాత్రికి రాత్రి ఆసుపత్రికి తీసుకుపోయినారు, ఈసీజీ, రక్తపరీక్ష అన్నీ నార్మల్. మా అత్త గ్యాస్ అంటుంది, వాము నీళ్లు తాగిస్తుంది, గ్యాస్ సిరప్ పోయిస్తుంది. ఊర్లో ఆర్ఎంపీ నొప్పి సూది వేసినా తగ్గలే. మా ఆయన నోటితో ఏమీ అనడు గానీ మొహంలో అనుమానం తెలుస్తుంది. న్యూరాలజీ డాక్టరు గాబాపెంటిన్ రాసినారు, మెడికల్ షాపాయన ఇది ఫిట్స్ మాత్ర కదమ్మా అనేసరికి భయపడి వేసుకోలేదు. రాత్రిళ్లు ఊపిరి ఆగిపోతుందేమో అని నిద్ర పట్టదు. పాపకు జ్వరం వచ్చినప్పుడు అలిపిరి మెట్లెక్కి తలనీలాలు ఇస్తామని మొక్కుకున్నా, ఈ సెలవుల్లో ఎక్కగలనా? ఇది పోతుందా, ఇట్లే బతకాలా?”

చెల్లీ, ముందు ఆ ఊపిరి భయం సంగతి చూద్దాం, ఎందుకంటే నొప్పికన్నా అదే నిన్ను ఎక్కువ తినేస్తున్నట్టుంది. ఇది ఎంఎస్ బిగుతే అయితే దీంతో ఊపిరి ఆగిపోదు. ఛాతీ చుట్టూ అంత గట్టిగా పట్టేసినట్టు అనిపించినా, మనం ఊపిరి పీల్చుకోవడంలో పెద్ద పని చేసేది పక్కటెముకల కింద గొడుగులా ఉండే డయాఫ్రమ్ అనే కండరం, దానికి పోయే నరం మెడలో నుంచి దిగుతుంది, నీకు నొప్పి ఉన్న చోటుకి వచ్చే నరాలేమో వీపు మధ్య నుంచి వస్తాయి. రెండూ వేరే వేరే. కరోనా టైంలో అందరం కొన్న ఆక్సీమీటర్ మీ ఇంట్లో ఏ డ్రాయర్లోనో ఉంటుంది చూడు, దానికి కొత్త బ్యాటరీ వేసి దిండు పక్కన పెట్టుకో, బిగుసుకున్నప్పుడు వేలికి పెట్టి చూసుకో, 95 పైన ఉంటే గాలి బాగానే అందుతోందని కళ్లారా చూస్తావు. నాకు ఎంఎస్ వచ్చి చానా ఏళ్లయింది, ఈ బిగుతు నాకూ ఉంది, ఆ నంబరు చూసుకుని మళ్లీ పడుకున్న రాత్రులు నావీ ఉన్నాయి. కానీ నంబరు బాగుందని ఒంటి మాట వినకుండా ఉండొద్దు, నిజంగా ఆయాసం వచ్చి ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే మాత్రం ఏ నంబరూ చూసుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పోవాల్సిందే.

ఇప్పుడు ఇదేంటో చెప్తా. డాక్టర్లు దీన్ని ఎంఎస్ హగ్ అంటారు. ఎంఎస్‌లో మన రోగనిరోధక శక్తే మెదడులో, వెన్నుపాములో నరాల మీద ఉండే మైలిన్ అనే పొరను దెబ్బ తీస్తుంది కదా, ఆ దెబ్బ వీపు భాగం వెన్నుపాములో పడితే ఛాతీకి, పొట్టకి సంబంధించిన కబుర్లు మెదడుకి తప్పుగా చేరతాయి. అక్కడ చర్మానికి గానీ ఎముకకి గానీ ఏమీ కాకపోయినా మెదడుకి మాత్రం బిగిస్తున్నారు, కాలుతోంది, గుచ్చుతున్నారు అని అందుతుంది. కొందరికి దానితో పాటు పక్కటెముకల మధ్య ఉండే చిన్న కండరాలు నిజంగానే పట్టేస్తాయి కూడా. ఒకరికి చుట్టూతా వస్తుంది, ఒకరికి ఒక పక్కే, ఒకరికి నిమిషం ఉండి పోతుంది, ఇంకొకరికి రోజులు. జాకెట్ తగిలితేనే ఓర్చుకోలేనన్నావే, మామూలు స్పర్శ కూడా నొప్పిగా చేరడం నరాల నొప్పికి ఉండే గుణమే. అందుకే సూది పని చేయలేదు, వాము నీళ్లు పని చేయలేదు. పారాసిటమాల్, డైక్లోఫెనాక్ లాంటివి వాపు, దెబ్బ, ఒళ్లు నొప్పులకి పని చేస్తాయి గానీ నరంలో పుట్టే నొప్పిని పెద్దగా ముట్టుకోవు, పైగా ఊరికే సూదులు వేయించుకుంటే కడుపుకీ కిడ్నీలకీ చేటు. ఆ ఆర్ఎంపీ సూదులు ఇంతటితో ఆపెయ్ మా.

ఒకటి అడగాలి నిన్ను, తలకి ఎంఆర్ఐ తీసినారన్నావు, వీపుకి తీసినారా? చానామందికి కన్నుతో మొదలైతే తలకి మాత్రమే తీసి ఊరుకుంటారు. ఈసారి పోయినప్పుడు డార్సల్ స్పైన్ ఎంఆర్ఐ అవసరమా అని అడుగు. అడిగేటప్పుడు నొప్పి ఎక్కడుందో వేలితో గీసి చూపించు, సుమారుగా ఛాతీ అని చెప్పొద్దు. చనుమొనల లెవెల్ అయితే వీపులో నాలుగో నరం, బొడ్డు లెవెల్ అయితే పదో నరం, అట్లా ఒక్కో నరానికి ఒంటి మీద ఒక్కో పట్టీ ఉంటుంది, నువ్వు చెప్పిన ఎత్తును బట్టే డాక్టరుకి వెన్నుపాములో ఏ చోట వెతకాలో తెలుస్తుంది. దెబ్బ ఆ ఎత్తులోనో కొంచెం పైనో ఉండొచ్చు.

ఒక మాట గట్టిగా చెప్తున్నా, వినుకో. మొదటిసారి మీవాళ్లు నిన్ను గుండెకి చూపించడం నూటికి నూరుపాళ్లు మంచి పని. ఎంఎస్ ఉన్నోళ్లకి గుండెపోటు రాదని ఎక్కడా లేదు. ఇప్పుడు ఇది ఎంఎస్ అని తెలిసింది కదా అని రేపు ఛాతీలో వచ్చే ప్రతి నొప్పినీ దీని ఖాతాలో వేసెయ్యొద్దు. రోజూ వచ్చే బిగుతులా కాకుండా కొత్త రకంగా ఉండి, చెమటలు పట్టి, దవడకో ఎడమ చేతికో పాకి, వాంతి వచ్చినట్టుంటే 108కి ఫోన్ చెయ్యి, అంతే, ఎవరేమనుకుంటారో అని ఆగొద్దు. తిన్న తరువాత కుడి పక్కటెముకల కింద పట్టేస్తుంటే పిత్తాశయంలో రాళ్లేమో చూపించుకో. ఇంకోటి, ఎంఎస్ మందుల్లో కొన్ని ఒంట్లో నిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి మనకి సర్పి వచ్చే అవకాశం ఎక్కువ. సర్పి కూడా ఇట్లే ఛాతీకి ఒక పక్కన పట్టీలా మంటతో మొదలవుతుంది, పొక్కులు రెండు మూడు రోజుల తరువాత లేస్తాయి. మన పక్క పల్లెల్లో జాజు పూసి వారం చూస్తారు, నువ్వట్లా చూడొద్దు, పొక్కు కనపడితే 72 గంటల లోపల వైరస్ మాత్రలు మొదలైతేనే బాగా పని చేస్తాయి. పొద్దున స్నానం చేసేటప్పుడు అద్దంలో వీపు ఒకసారి చూసుకో, చాలు.

మాత్ర సంగతికి వస్తే, మెడికల్ షాపాయన చెప్పింది అబద్ధం కాదు, గాబాపెంటిన్ ఫిట్స్‌కి కూడా వాడతారు, కానీ నరాల నొప్పికి దేశమంతా రాసే మందు అదే. నరం అతిగా అరవడాన్ని తగ్గించే గుణం రెండు చోట్లా పనికొస్తుంది కాబట్టి రాస్తారు, నీకు ఫిట్స్ ఉన్నాయని కాదు. ప్రీగాబలిన్ కూడా దాని చెల్లెలే. కొందరికి రాత్రిపూట తక్కువ డోసులో అమిట్రిప్టిలిన్ ఇస్తారు, కొందరికి డ్యులోక్సెటిన్, అవి డిప్రెషన్ మాత్రలని మళ్లీ ఎవరో భయపెడతారు, వాటికీ ఇదే జవాబు. కండరాలు పట్టేయడం ఎక్కువుంటే బాక్లోఫెన్. డాక్టరు ఏది రాస్తే ఎంత రాస్తే అదే వేసుకో, నేను డాక్టర్ని కాదు, డోసులు నా నోటి నుంచి రావు. కానీ వేసుకునేవాళ్లకి తెలిసిన సంగతులు కొన్ని చెప్తా. మొదటి రోజుల్లో మత్తుగా, తూలినట్టుగా ఉంటుంది, అందుకే రాత్రి చిన్న డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, ఆ వారం స్కూటీ తీయొద్దు, స్కూలుకి మీ ఆయన్ని దింపమను. రెండు మాత్రలకి తగ్గలేదని మానెయ్యొద్దు, సరిపోయే డోసు దొరకడానికి వారాలు పడుతుంది. తగ్గిందని ఒక్కసారిగా ఆపెయ్యొద్దు, బాక్లోఫెన్ అయితే అసలే అట్లా ఆపొద్దు, హఠాత్తుగా ఆపితే ఫిట్స్, భ్రాంతులు వచ్చే ప్రమాదం నిజంగా ఉంది. అమిట్రిప్టిలిన్‌తో నోరెండడం, మలబద్ధకం, మూత్రం సరిగా రాకపోవడం ఉండొచ్చు, నీకు ముందే మూత్రం ఇబ్బంది ఉంటే డాక్టరుకి చెప్పు. ఇంకా, మీ అత్త పోసే గ్యాస్ సిరప్ ఉంది చూడు, అల్యూమినియం మెగ్నీషియం ఉన్న ఆ తెల్ల సిరప్‌లు గాబాపెంటిన్‌ని ఒంట్లోకి సరిగా ఎక్కనివ్వవు. తాగాల్సొస్తే మాత్రకి రెండు గంటలు ఎడం పెట్టు.

నొప్పి పూర్తిగా పోతుందా అని అడిగినావు. కొందరికి వచ్చిన రిలాప్స్, అంటే జబ్బు మళ్లీ తిరగబెట్టడం, తగ్గగానే పోతుంది. కొందరికి అప్పుడప్పుడు వచ్చిపోతూ ఉంటుంది. నీకు ఏది అనేది ఇప్పుడే ఎవరూ చెప్పలేరు, కానీ ఇప్పుడున్నట్టు మాత్రం ఉండాల్సిన పని లేదు, ఎందుకంటే నువ్వింకా వైద్యం మొదలే పెట్టలేదు చెల్లీ. రాసిన మాత్ర వేసుకోలేదు, వీపు ఎంఆర్ఐ ఉందో లేదో తెలియదు, ఎండలో స్కూలుకి పోతున్నావు, గట్టి జాకెట్ వేసుకుంటున్నావు. మార్చుకోవడానికి ఇంత ఉన్నప్పుడు ఇట్లే బతకాలా అనే మాట ఇప్పుడే ఎందుకు?

రాత్రి పూట బిగుసుకున్నప్పుడు నేను చేసేది చెప్తా. మొదట లేచి కూర్చుంటా, వెనక గోడకి దిండు పెట్టుకుని ఆనుకుంటా, వెల్లకిలా పడుకుని భరించడం కష్టం. నైటీ మీద నుంచి రెండు అరచేతులు నొప్పి ఉన్న పట్టీ మీద గట్టిగా ఆనించి నొక్కి పెడతా. వింతగా ఉంటుంది గానీ, పైపైన తగిలితే మంట పుట్టే చోటే గట్టిగా నొక్కితే చానామందికి ఊరట, మెదడుకి ఆ నొక్కుడు కబురు ముందు చేరి నొప్పి కబురు వెనకబడుతుంది. కొందరు వెడల్పు ఎలాస్టిక్ పట్టీ చుట్టుకుంటారు, కొందరికి అది తగిలితేనే పడదు, నీకేది సరిపోతుందో నువ్వే చూసుకోవాలి. తరువాత ఊపిరి. లోపలికి పీల్చేదాని గురించి ఆలోచించొద్దు, బయటికి వదిలేది పొడుగు చెయ్యి, పెదాలు సున్నాలా పెట్టి మెల్లగా ఊదినట్టు వదులు, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని అది పైకీ కిందకీ కదలడం చూసుకో. భయంతో గబగబా పైపైన పీల్చుకుంటే చేతులు తిమ్మిరెక్కి, తల తిరిగి, ఛాతీ ఇంకా పట్టేసినట్టవుతుంది, అప్పుడు నొప్పి ఏదో భయం ఏదో విడదీయలేం. వేడి నీళ్ల బ్యాగు కొందరికి హాయిగా ఉంటుంది గానీ జాగ్రత్త, ఆ పట్టీలో చర్మానికి వేడి సరిగా తెలియకపోవచ్చు, తెలియకుండానే బొబ్బలెక్కుతాయి. ముందు మోచేత్తో వేడి చూసుకో, గుడ్డ చుట్టి పెట్టు, పెట్టుకుని నిద్రపోవద్దు. నాకైతే తడి తువ్వాలే నయం.

బట్టలు మార్చు. ఇది చిన్న సంగతి అనుకుంటారు, కాదు. హుక్కుల జాకెట్, కింద ఎలాస్టిక్ ఉన్న బ్రా, లంగా బొందు, ఈ మూడూ సరిగ్గా ఆ పట్టీ చుట్టూతానే పడతాయి. స్కూలుకి చీరే కట్టాలని లేకపోతే వదులుగా ఉండే కాటన్ చుడీదార్ వేసుకో, లోపల స్లిప్ చాలు. చీర కట్టాల్సొస్తే లంగాకి బొందు తీసేసి వెడల్పు నడుం పట్టీ కుట్టించుకో, టైలర్‌కి చెప్తే చేస్తాడు, కుట్లు బయటికి వచ్చేట్టు కుట్టమను, లోపల కుట్టు గీసుకున్నా మంటే.

మార్చిలో మొదలైంది అన్నావు చూడు, అది ఊరికే కాదు. పొర దెబ్బతిన్న నరం ఒంట్లో వేడి అర డిగ్రీ పెరిగినా సరిగా పని చేయదు. దీన్ని 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు గమనించి రాసినాడు, ఆయన పేరుతోనే ఊట్‌హాఫ్ ఫినామినన్ అంటారు. మన తిరుపతి, చిత్తూరు ఎండల సంగతి చెప్పేదేముంది. ఒంటిపూట బడే అయినా పదకొండు గంటలకి రేకుల కప్పు కింద నిలబడి పాఠం చెప్తుంటే బిగుసుకోకుండా ఎట్లుంటుంది. కూర్చుని చెప్పు, హెడ్మాస్టర్‌తో మాట్లాడి ఫ్యాన్ కింద క్లాసు అడుగు, తడిపిన తుండుగుడ్డ మెడ చుట్టూ వేసుకో, చల్ల నీళ్లు, మజ్జిగ తాగుతూ ఉండు, ఉడుకు నీళ్ల స్నానం మానెయ్. చల్లబడగానే బిగుతు తగ్గిపోతే అది ఎండ వల్ల వచ్చిందే, నరానికి కొత్త దెబ్బ తగిలినట్టు కాదు. జ్వరం కూడా ఇదే పని చేస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే జ్వరం తెలియకుండా కూడా పాత లక్షణాలన్నీ లేస్తాయి, అందుకే డాక్టర్లు ముందు మూత్ర పరీక్ష రాస్తారు, ఎందుకు రాసినారా అని అనుకోవద్దు.

జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటి వదలకుండా ఉంటే రిలాప్స్ కావచ్చు, న్యూరాలజిస్ట్‌కి ఫోన్ చెయ్యి. అవసరమైతే మూడు నుంచి ఐదు రోజులు స్టెరాయిడ్ సెలైన్ ఎక్కిస్తారు. బిగుతుతో పాటు కాళ్లు బరువెక్కి నడక మారినా, మూత్రం ఆగిపోయినా ఫోన్లు కాదు, అదే రోజు పోవాలి. నీకు చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గర, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి దానికి దాదాపు రెట్టింపు దూరం, రెండు చోట్లా న్యూరాలజీ ఉంది, ఎక్కడ నీ ఫైలు ఉంటే అక్కడికే పో, ప్రతిసారీ కొత్త చోట మొదలుపెడితే పాత ఎంఆర్ఐలతో పోల్చి చూసేవాళ్లు ఉండరు.

మీ అత్త గురించి కోపం పెట్టుకోవద్దు. వాము నీళ్లు పెట్టి ఇచ్చే మనిషి నిన్ను పట్టించుకుంటోందనే అర్థం, ఆమెకి తెలిసిన ఛాతీ నొప్పులు రెండే, ఒకటి గ్యాస్, ఒకటి గుండె. మీ ఆయనతో మాత్రం నోరు తెరిచి మాట్లాడు. ఆ మొహంలో అనుమానం అన్నావే, అది నీ మీద అనుమానమో, అన్ని పరీక్షలూ నార్మల్ వచ్చినాక ఏం చెయ్యాలో తెలియని భయమో అడిగితే కదా తెలిసేది. పైకి వాపు లేదు, గాయం లేదు, ఏమీ కనపడదు, పక్కనున్నోళ్లకి కష్టమే. ఈసారి డాక్టర్ దగ్గరికి ఆయన్ని లోపలికి తీసుకుపో, బయట కూర్చోబెట్టొద్దు. ఎంఆర్ఐ ఫిల్మ్ లైటు మీద పెట్టి ఇదిగో ఇక్కడ తెల్లగా ఉందే, ఇదే అని డాక్టర్ వేలు పెట్టి చూపిస్తే, నువ్వు ఏడాది చెప్పినా నమ్మనిది ఆ నిమిషంలో ఆయనకి అర్థమవుతుంది. పోయే ముందు వారం రోజులు ఫోన్లో రాసుకో, ఎన్ని గంటలకి వచ్చింది, అప్పుడు ఏం చేస్తున్నావు, ఎంతసేపుంది, ఏం చేస్తే తగ్గింది. డాక్టర్ దగ్గర దొరికేది కొన్ని నిమిషాలు, ఏడుపొస్తే అవీ పోతాయి, రాసింది చూపిస్తే పని జరుగుతుంది. నీలాంటోళ్లతో మాట్లాడాలనుంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి చెన్నైలో, హైదరాబాద్‌లో శాఖలున్నాయి.

ఇక మొక్కు. ఈ సెలవుల్లో ఎక్కొద్దు. అలిపిరి దారి 3550 మెట్లు, మొదట గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది, చివర మోకాళ్ల మెట్టు మళ్లీ నిటారు. శ్రీవారి మెట్టు 2388 మెట్లే గానీ అదీ ఎక్కుడే. మే నెలలో ఒళ్లు ఉడికి సగంలో బిగుసుకుని కాళ్లు తేలిపోతే పాపని పట్టుకుని అక్కడ ఏం చేస్తావు? పాపనీ, మీ ఆయన్నీ తెల్లవారుజామున నడిచి రమ్మను, నువ్వు పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకుని బస్సెక్కి పైకి పో, కల్యాణకట్ట దగ్గర కలుసుకోండి, ఇంట్లో ఒకరు నడిచినా మొక్కు తీరినట్టే అని మా పెద్దోళ్లు అనేవాళ్లు, నేనూ అదే నమ్ముతా. నువ్వే ఎక్కాలని మనసులో గట్టిగా ఉంటే మాఘమాసం దాకా ఆగు, అప్పటికి మాత్ర కుదురుకుంటుంది, వానలూ పోయి మెట్లు ఆరి ఉంటాయి, డాక్టర్ని అడిగి చల్లటి పూట మొదలుపెట్టు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఎంఎస్ కూడా ఉంది, నీకు నడకో చూపో ఇబ్బంది మిగిలి ఉంటే సదరం క్యాంపులో చూపించుకో, ఎంత శాతం ఇస్తారో వాళ్లు తేలుస్తారు, సర్టిఫికెట్ వస్తే కొండ మీద వికలాంగులకి వేరే దర్శనం ఏర్పాటు ఉంది. అది లేకపోయినా 300 రూపాయల టికెట్ ఆన్‌లైన్లో పొద్దున పూట స్లాట్‌కే తీసుకో, నెలల ముందే అయిపోతాయి కాబట్టి విడుదలైన రోజే కూర్చుని బుక్ చెయ్యి. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లో అంతమంది మధ్య ఆ ఉక్కలో గంటలు గంటలు కూర్చోవడం నీ ఒంటికి మెట్లకన్నా కష్టం.